ఇవాన్ పావ్లోవ్: భయం పుట్టుకను వెదకిన జీవితం

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ వినని తెలుగువాడు ఉండడు. ఎలుకల బాధ తీర్చుటకై రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లిని, దానిని పోషించుటకు ఒక పాడి ఆవును ఇప్పించినారట. రామకృష్ణుడు మొదటి దినాననే పొగలు కక్కే పాలను పిల్లి ముందుంచినాడు. మూతి కాలిన పిల్లి ఆ పిదప పాలగిన్నె కంటబడితే చాలు, చల్లారిన పాలైనా సరే, పరుగు లంకించుకొన్నది. పాలన్నీ కవిగారి ఇంటివారే త్రాగినారు. ఇది చరిత్ర కాదు, జనుల నోట నిలిచిన కథ. అయినను ఆ పిల్లి ప్రవర్తనలో మాత్రం కల్పన ఏమియు లేదు. దానిని కాల్చినది వేడి. అది బెదరినది తెల్లని పాలను చూచి. ఈ రెండింటికీ నడుమ ముడి ఎట్లు పడినదని రాయలవారు అడుగలేదు. కథ విన్న మనమును నవ్వి ఊరకున్నాము. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో, పాలకు నోరు కాలినవాడు మజ్జిగను కూడా ఊదుకొని త్రాగుతాడని సామెత. తెలుగు ఇండ్లలో పాము కరచినవాడు తాడును చూచి బెదరుతాడని సామెత. ఇరు భాషలవారికీ అనుభవంలో ఉన్న ఈ సంగతిని కొలతకు, లెక్కకు అందేటట్లు చేసినవాడు రష్యా దేశీయుడు ఇవాన్ పెత్రోవిచ్ పావ్లోవ్. పాఠ్యగ్రంథాలలో ఆయన పేరు ప్రక్కన ఒక గంట, ఒక కుక్క మాత్రమే మిగిలినవి. ఆ రెండింటి వెనుక ఒక దీర్ఘజీవితం ఉన్నది. దానిని విద్యార్థి మిత్రులకు పరిచయం చేయదలచినాము.

పావ్లోవ్ 1849 సెప్టెంబరు 26వ తేదీన మాస్కోకు ఆగ్నేయంగా ఉన్న రియజాన్ అనే చిన్న పట్టణంలో జన్మించినాడు. తండ్రి చర్చి అర్చకుడు. సంతానం పెద్దది, రాబడి చిన్నది. అందరిలో పెద్దవాడైన ఇవాన్ ఎనిమిదేళ్ళ ప్రాయంలో ఎత్తు నుండి రాతినేలపై పడి, చాలకాలం కోలుకొనలేదు. పదునొకండవ ఏట గాని బడికి పోలేదు. తండ్రి తోటలో త్రవ్వడం, మొక్కలు నాటడం ఆనాటి నుండి అలవాటై, కడదాకా విడువలేదు. వంశాచారం ప్రకారం అతడును మతవిద్యాలయంలో చేరినాడు. ఆ రోజులలో సెచెనోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు 1863లో వెలువరించిన గ్రంథం యువకుల చేతులలో తిరుగుతుండెను. మనము ఆలోచన అనుకొనేది కూడా మెదడులో జరిగే ప్రతీకార చర్యలలో ఒక భాగమేనన్నది ఆ గ్రంథసారాంశం. మతవిద్యార్థి పావ్లోవ్ దానిని చదివి దారి మార్చుకొన్నాడు. 1870లో అర్చకవృత్తి ఆశ వదలి పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రకృతిశాస్త్రాల శాఖలో చేరినాడు.

ఆ పిదప ఇరువది సంవత్సరాల చరిత్ర పేదరికపు చరిత్ర. వైద్యపట్టా పుచ్చుకొన్నాడు, గుండెను నడిపే నాడుల మీద పరిశోధించి 1883లో డాక్టరేటు పొందినాడు, రెండేళ్ళు జర్మనీలో గొప్ప గురువుల వద్ద పనిచేసినాడు. 1881లో సెరాఫీమా అనే ఉపాధ్యాయినిని వివాహమాడినాడు గాని, సంసారం నడుపుటకు సరిపడు జీతం లేదు. వారి మొదటి బిడ్డ శైశవంలోనే పోయినాడు. నలుబదేళ్ళు దాటిన తరువాత, 1890లో సైనిక వైద్య అకాడమీలో ఆచార్య పదవి, మరుసటి సంవత్సరం ప్రయోగాత్మక వైద్యసంస్థలో ఒక పూర్తి ప్రయోగశాల ఆయన చేతికి వచ్చినవి. రెండు చేతులతోనూ సమానంగా శస్త్రచికిత్స చేయగల నేర్పరి. కోపిష్ఠి. సమయపాలనలో గడియారం వంటివాడు.

ఆయనకు మొదట కీర్తి తెచ్చినది భయం కాదు, ఆకలి. కుక్క కడుపులో జరిగే జీర్ణక్రియను, అది బ్రతికి ఆరోగ్యంగా తిరుగుతుండగానే గమనించే శస్త్రవిధానాన్ని ఆయన సాధించినాడు. అంతకు ముందు శాస్త్రజ్ఞులు మత్తుమందిచ్చిన జంతువును కోసి, చావుకు దగ్గరైన అవయవాన్ని చూచి తీర్పులు చెప్పెడివారు. ఆయన ప్రయోగశాలలో కుక్కల జఠరరసాన్ని సేకరించి అజీర్ణరోగులకు ఔషధంగా అమ్మిన విషయం నేటివారికి వింతగా తోచవచ్చును. ప్రయోగశాల ఖర్చులకు ఆ సొమ్ము ఆదరువైనది. జీర్ణగ్రంథుల మీద ఆయన ఉపన్యాసాలు 1897లో గ్రంథరూపంలో వెలువడినవి. మన సికింద్రాబాదు చెంతనున్న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది ఆ సంవత్సరమే, ఆగస్టు 20వ తేదీన. రాస్‌కు 1902లోను, పావ్లోవ్‌కు 1904లోను వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది. ఆ బహుమతి పొందిన మొదటి రష్యనుడు పావ్లోవ్.

నోబెల్ సభ నాటికే ఆయన మనస్సు జీర్ణక్రియను దాటిపోయినది. కుక్క నోట ఆహారం పెట్టగా లాలాజలం ఊరుట సహజం. కాని ప్రయోగశాలలోని కుక్కలకు ఆహారం నోటికి రాకముందే, అన్నం తెచ్చే సేవకుని అడుగుల చప్పుడుకే నోరు ఊరుతున్నది. లెక్కలు చెడుతున్నవని ఇతరులు విసుగుకొనేవారు. పావ్లోవ్ ఆ చెడిన లెక్కనే పట్టుకొన్నాడు. అడుగుల చప్పుడుకు రుచి లేదు, వాసన లేదు. మరి గ్రంథి ఎందుకు పనిచేయవలెను? కుక్క ఆశించినది, తలచుకొన్నది అని చెప్పితే అది మాటే గాని వివరణ కాదని ఆయన పట్టుదల. కుక్క మనస్సును గూర్చి ఊహలు మాని, ఎన్ని చుక్కలు, ఎన్ని సెకండ్లు అని మాత్రమే వ్రాయుమని శిష్యులను శాసించినాడు. ఇట్టి ప్రతిస్పందనకే నిబంధన సహిత ప్రతీకార చర్య అని పేరు. 1903లో మాడ్రిడ్ నగరంలో జరిగిన వైద్య మహాసభలో ఈ నూతన విషయాన్ని ఆయన ప్రకటించినాడు.

రష్యా దాకా పోనక్కరలేదు. రంజాన్ మాసంలో మన జంటనగరాలలో సూర్యాస్తమయ వేళ సైరన్ మోగుతుంది. ఖర్జూరం ఇంకా పెదవిని తాకలేదు; ఉపవాసి నోరు మాత్రం అప్పటికే తడి అవుతుంది. ఖర్జూరపు రుచికి నోరూరుట పుట్టుకతో వచ్చినది. దానికి ముందటి నిబంధన ఏదియు లేదు. సైరన్‌కు ఊరుట దినదినం ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చుట చేత అలవడినది. అదే సైరన్‌ను పోలిన పోలీసు వాహనపు మోత, కర్ఫ్యూ దినాలు చూచిన పెద్దల చెవిన పడినప్పుడు ఏమగును? నోరు ఎండిపోతుంది, చేయి దానంతట అదే తలుపు గడియ మీదికి పోతుంది. లాలాజలం ఊరుటకు, ఎండుటకు త్రోవ ఒకటే. కంటికి గాని చెవికి గాని తగిలిన ఒక గుర్తు, దాని వెంటనే శరీరానికి సుఖమో బాధయో, ఆ రెండింటి మధ్య ముడి. ఈ ముడి వేయుటకు మన అనుమతి అక్కరలేదు. తెలివి అక్కరలేదు. ఒక్కొక్కసారి రెండవసారి కూడా అక్కరలేదు. మూతి ఒక్కసారి కాలిన చాలు.

పాఠ్యగ్రంథాలలోని గంటను గూర్చి ఒక మాట. పావ్లోవ్ గంటను అసలే వాడలేదనుట సరికాదు గాని, ఆయన ఎక్కువగా వాడినవి తాళగతి చూపే మెట్రోనోమ్, బుడగ శబ్దం, దీపకాంతి, చర్మంపై స్పర్శ వంటివి. చెంత నడిచేవారి అడుగులు కూడా కుక్కకు గుర్తులై లెక్క చెడునని, మందపు గోడలతో, చుట్టూ కందకంతో నిశ్శబ్ద గోపురం అనదగిన ఒక కట్టడాన్ని ఆయన కొరకు కట్టించినారు. ఒక చుక్క లాలాజలం కొరకు ఇంత కోట కట్టవలెనా అని నవ్వినవారు ఉండే ఉందురు.

ఆ కోటలో తేలిన సత్యాలలో కొన్ని భయాన్ని అర్థం చేసికొనుటకు మిక్కిలి ముఖ్యమైనవి. మొదటిది, గుర్తు ముందు రావలెను, బాధగాని ఆహారంగాని వెనుక రావలెను. తలక్రిందులైతే ముడి దాదాపు పడదు. రెండవది, ఒక ధ్వనికి అలవడిన చర్య దానిని పోలిన ధ్వనులకు కూడా ప్రాకుతుంది. పాము నుండి తాడుకు ప్రాకిన భయం ఇదే. దీనిని సామాన్యీకరణం అంటారు. మూడవది, మెట్రోనోమ్ మ్రోగించి ఆహారం పెట్టకుండా ఉంటూ పోతే చుక్కలు తగ్గి తగ్గి చివరకు శూన్యమవుతవి. ఇంతటితో ముడి విడిపోయినదని అనిపిస్తుంది. కాని కుక్కకు కొంత విశ్రాంతి ఇచ్చి మరల మెట్రోనోమ్ వినిపిస్తే చుక్కలు తిరిగి ఊరుతవి. అనగా నేర్చినది చెరిగిపోలేదు. దాని మీద మరొక పాఠం, ఇప్పుడు ఆహారం రాదను పాఠం, పరచబడినది, అంతే. పాతది అడుగున అట్లే ఉన్నది. పావ్లోవ్ కనిపెట్టిన వాటిలో ఇంతకు మించినది లేదని మా అభిప్రాయం. తరువాతి శాస్త్రజ్ఞులు మెదడులో బాదంపప్పు ఆకారంలో ఉండే ఒక చిన్న భాగంలో భయపు ముడులు పడుతవని, నుదుటి వైపు భాగం వాటిని అణచి ఉంచుతుందని చూపినారు గాని, చెరుపుట వేరు, అణచుట వేరు అన్న సంగతి చుక్కల లెక్కలోనే ముందుగా తేలినది.

1912 ప్రాంతంలో ఎరోఫేయెవా అనే శిష్యురాలు ఒక విచిత్ర ప్రయోగం చేసినది. కుక్క చర్మానికి విద్యుత్తు తగిలించి, వెంటనే ఆహారం పెట్టెడిది. మొదట మెల్లని తాకిడి, పిదప క్రమంగా బలమైనది. కొన్నాళ్ళకు ఆ కుక్క విద్యుత్తు తగిలినప్పుడు మొరగలేదు, కరవలేదు. తోక ఊపుతూ ఆహారం వైపు మూతి చాచినది. బాధ సైతం మంచికి గుర్తు కాగలదని ఇది తెలుపుచున్నది. అయితే తాకిడి చోటును మార్చి మార్చి శరీరమంతటా తగిలించగా ఒక దినాన కట్టడి అంతా ఒక్కసారిగా కూలి, కుక్క భీకరంగా గింజుకొన్నది. 1914లో షెంగర్ క్రెస్తోవ్నికోవా అనే మరొక శిష్యురాలు వలయాన్ని ఆహారానికి గుర్తుగా, కోడిగ్రుడ్డు ఆకారాన్ని ఆహారం లేమికి గుర్తుగా ఒక కుక్కకు నేర్పినది. ఆ గ్రుడ్డు ఆకారాన్ని దినదినం వలయానికి దగ్గరగా గుండ్రం చేస్తూ వచ్చినది. పొడవు వెడల్పుల నిష్పత్తి 9కి 8 అయిన చోట కుక్క తికమకపడినది. మూడు వారాలు ప్రయత్నించినను లాభం లేకపోయినది. నెమ్మదిగా ఉండే జంతువు అరచినది, పట్టీలు కొరికినది, ఆ గదికి పోవుటకే మొరాయించినది. దానిని ఎవరూ కొట్టలేదు. ఇది అవునో అది అవునో తేల్చుకొనలేని స్థితియే దానిని చెరిచినది. పరీక్షకు ముందు నిద్రపట్టని విద్యార్థులకు ఈ కుక్క మీద జాలి కలుగక మానదు.

ఇదే పీటర్స్‌బర్గ్‌లో పావ్లోవ్‌కు బెఖ్తెరెవ్ అనే ప్రతిస్పర్ధి ఉండెను. ఆయన లాలాజలాన్ని వదలి, విద్యుత్తు తాకిడికి కాలు వెనుకకు తీసికొనే చర్యను గుర్తులతో ముడివేసినాడు. ఇరువురికీ పొసగలేదు. భయాన్ని గూర్చిన తరువాతి పరిశోధనలకు బెఖ్తెరెవ్ విధానమే మరింత దగ్గరి త్రోవ అయినది. ఈ మాట పావ్లోవ్ అభిమానులకు రుచింపకపోవచ్చును.

1917 విప్లవం వచ్చినది. వెంట అంతర్యుద్ధం, కరవు వచ్చినవి. ప్రయోగశాలలో కుక్కలు ఆకలికి చచ్చినవి. నోబెల్ బహుమతి గ్రహీత డెబ్బది ఏండ్ల వయస్సులో కూరగాయల మడి త్రవ్వి కుటుంబాన్ని పోషించుకొన్నాడు. ఆయన దేశం వదలిపోవునన్న భయంతో లెనిన్ ప్రభుత్వం 1921 జనవరిలో ప్రత్యేకమైన ఉత్తరువు వెలువరించి, ఆయన పనికి కావలసిన సదుపాయాలు కల్పించినది. పావ్లోవ్ సదుపాయాలు పుచ్చుకొన్నాడు. పొగడ్త మాత్రం పుచ్చుకొనలేదు, ఇయ్యలేదు.

1924 సెప్టెంబరు 23వ తేదీన నీవా నది పొంగి లెనిన్‌గ్రాడ్ నగరాన్ని ముంచెత్తినది. మన మూసీ 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన నాటికి దాదాపు పదునారేండ్ల పిదప. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలు పట్టుకొని సుమారు నూటయేబది మంది బ్రతికిన కథ మన నగరంలో నేటికీ చెప్పుకొంటారు. ఆ కొమ్మల నుండి దిగి వచ్చినవారు తరువాతి వానాకాలాలను ఎట్లు గడిపిరో ఎవరూ లెక్క వ్రాయలేదు. లెనిన్‌గ్రాడ్‌లో ఆ లెక్క వ్రాసినారు, మనుష్యులది కాదు, కుక్కలది. కుక్కల గదులలోకి నీరు వేగంగా ప్రవేశించినది. గాలివాన హోరు, విరిగిపడే చెట్ల చప్పుడు. సేవకులు వాటిని చిన్న చిన్న గుంపులుగా నీటిలో ఈదించి, ప్రయోగశాల పై అంతస్తుకు చేర్చినారు. ఎల్లప్పుడు ఒకదానితో ఒకటి కలియబడే కుక్కలు ఆ రాత్రి ఒకే చోట ముద్దగా ముడుచుకొని, కిక్కురుమనలేదు.

వరద తీసినది. కొన్ని కుక్కలు ఏమియు జరగనట్లు మునుపటివలె మెలగినవి. కొన్ని మాత్రం మారిపోయినవి. వాటిలో ఒకటి స్వభావరీత్యా బెరుకైనది. ఏండ్ల తరబడి నేర్చిన ప్రతీకార చర్యలన్నీ దానికి మాయమైనవి. పెట్టిన ఆహారం కూడా ముట్టలేదు. స్పెరాన్‌స్కీ అనే సహచరుడు ఓపికగా దానితో పనిచేసినాడు. ఒక సంగతి తేలినది: మామూలుగా ప్రయోగకర్త గది వెలుపల ఉండవలెను, కాని అతడు లోపలికి వచ్చి కుక్క చెంత కూర్చొన్నప్పుడు పోయిన చర్యలు తిరిగి కనిపించినవి. లేచి వెళ్ళితే మరల పోయినవి. ఇట్లు చెంత కూర్చొని, మెల్లమెల్లగా వదలిపెట్టి, నెలలకు గాని దానిని మునుపటి స్థితికి తేలేకపోయినారు. బాగైనదని నిశ్చయించుకొన్న పిదప ఒకనాడు తలుపు క్రింది సందు నుండి గదిలోనికి చిన్న నీటిధార వదలినారు. చప్పుడు లేదు, గాలివాన లేదు. నేలపై ఒక తడి చార మాత్రమే. కుక్క ఎగిరిపడినది. నేల వైపు చూచి వగర్చినది, బల్ల దిగి పారిపోజూచినది. కూడబెట్టిన చర్యలన్నీ మరల ఎగిరిపోయినవి.

ఈ ప్రయోగాన్ని చదివినప్పుడు మాకు ఆ శాస్త్రజ్ఞుల మీద కోపం, కృతజ్ఞత రెండూ కలుగుతవి. కోలుకొన్న మూగజీవాన్ని మరల చెరుపుట క్రూరమే. కాని ఘోరమైన అనుభవం తప్పించుకొని బయటపడినవారు అల్పమైన కారణానికి వణకుట చూచి పిరికివారని ఎగతాళి చేసే లోకానికి, ఆ తడి చార ఏమిటో తెలిపినది ఈ పుటయే.

భయాన్ని మానవ శిశువులో ముడివేసి చూచినవాడు అమెరికాకు చెందిన జాన్ వాట్సన్. బాల్టిమోర్ నగరంలో రోజలీ రేనర్ అనే సహాయకురాలితో కలసి చేసిన ఆ ప్రయోగం 1920లో ప్రకటితమైనది. గ్రంథాలలో ఆల్బర్ట్ అని వ్యవహరించే పదునొకండు నెలల పసివాడు తెల్ల ఎలుకను చూచి బెదరేవాడు కాడు, చేయి చాచేవాడు. అతడు ఎలుకను తాకబోయినప్పుడు వెనుకనుండి ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టినారు. ఇట్లు ఏడుసార్లు. ఆ పిదప శబ్దం లేకున్నను ఎలుకను చూచి బిడ్డ ఏడ్చి, ప్రక్కకు ఒరిగి, ప్రాకిపోయినాడు. కుందేలును, కుక్కను, రోమాల కోటును చూచి కూడా బెదరినాడు. నెల దినాల తరువాత కూడా ఆ భయం కొంత మిగిలినది. ముడి విప్పక మునుపే తల్లి బిడ్డను తీసికొనిపోయినది. ఒక్క బిడ్డ మీద చేసిన ప్రయోగం శాస్త్రానికి చాలదని తరువాతివారు ఆక్షేపించినారు, అది న్యాయమే. మా ఆక్షేపణ వేరు. ముడి వేయుటకు ముందు విప్పే ఏర్పాటు చేసికొనకుండుట క్షమింపరానిది.

విప్పుటకు పూనుకొన్నది మేరీ కవర్ జోన్స్ అనే యువతి. నీవా పొంగిన 1924లోనే ఆమె పరిశోధన వెలువడినది. పీటర్ అనే మూడేండ్లు నిండని బాలునికి కుందేలంటే భయం. అతడు ఇష్టమైన తినుబండారం తింటున్నప్పుడు పంజరంలోని కుందేలును గది ఆ మూల ఉంచెడిది, మరునాడు కొంచెం దగ్గరగా, ఇంకొకనాడు ఇంకొంచెం. భయపడని తోటిపిల్లలు కుందేలుతో ఆడుకొనుట కూడా చూపెడిది. నడుమ బాలుడు జ్వరంతో ఆసుపత్రి పాలై, తిరిగివచ్చే వేళ పెద్ద కుక్క ఒకటి మీదికి రాగా, తగ్గిన భయమంతా మరల వచ్చినది. జోన్స్ మొదటినుండి మొదలుపెట్టినది. కడకు పీటర్ ఒక చేత్తో తింటూ మరొక చేత్తో కుందేలును నిమిరినాడు. నేడు వైద్యులు భయరోగాలకు చేసే చికిత్సలలో చాల భాగం ఈ గదిలోనే మొలకెత్తినది. కుక్క చెంత కూర్చొన్న స్పెరాన్‌స్కీకి, బాలుని చేతికి తినుబండారం ఇచ్చిన జోన్స్‌కు ఒకరి సంగతి ఒకరికి తెలియదు గాని, ఇరువురూ చేసినది దగ్గరదగ్గర ఒకటే.

ఇక మన తరగతి గదుల మాట. మా కళాశాలలో తెలుగు చదివేవారిలో ఇంట ఉర్దూ మాట్లాడేవారు అనేకులు. బాగా వ్రాయగలిగినవారు సైతం లేచి చదువుమన్నంతనే గొంతు పట్టుకొనిపోయి నిలబడుట మేము చూస్తుంటాము. వారికి భాష రాదనుట పొరపాటు. ఏ చిన్న తరగతిలోనో ఒత్తక్షరం తప్పు పలికినందుకు పదిమంది నవ్వినారు, లేదా అరచేతిపై బెత్తం పడినది. అక్షరానికి, అవమానానికి ముడిపడినది. బెత్తాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం బడులలో నిషేధించినది. నవ్వును ఏ చట్టమూ నిషేధింపలేదు. ఇట్టి విద్యార్థి ఏమి చేయును? చివరి బల్లమీద కూర్చొనును, తన వంతు వచ్చే దినాన రాకుండును. రాకున్న దినాన మనస్సు కుదుటపడును. ఆ కుదుటపాటే మరునాడు కూడా రావద్దని చెప్పును. రామకృష్ణుని పిల్లిని ఇక్కడ మరల తలచుకొనవలెను. పాలు రెండవనాడే చల్లారినవి. కాని గిన్నె చూడగానే పరుగెత్తే పిల్లికి అవి చల్లారిన సంగతి తెలిసే అవకాశం ఏది? గిన్నె చెంత నిలువనిదే పాత ముడి మీద కొత్త పాఠం పరచబడదు. ధైర్యంగా ఉండుమని చెప్పిన మాటలు పిల్లి చెవికి ఎక్కవు. కళాశాల కార్యవర్గంవారు ప్రతియేటా ఉపన్యాస పోటీలకు బహుమతులు ఇచ్చుచున్నారు, సంతోషం. పోటీలో నిలువలేనివారు పదిమంది ముందు కాక ముగ్గురు నలుగురు ముందు, తేనీరు త్రాగుతూ, తప్పులు లెక్కపెట్టకుండా మాట్లాడే ఒక చిన్న గది ఉండిన బాగుండునని మా మనవి.

పావ్లోవ్ కడపటి సంవత్సరాలకు వద్దాము. వరద వచ్చిన 1924 ప్రాంతంలోనే మరొక సంఘటన జరిగినది. అర్చకుల కుమారులను సైనిక వైద్య అకాడమీ నుండి బహిష్కరించినారు. తల్లిదండ్రుల వృత్తియే వారి నేరం. పావ్లోవ్ అప్పటికి దేవుని విశ్వాసం వదలి చాల దినాలైనది. అయినను తానును అర్చకుని కుమారుడినే గనుక తనకును ఇక్కడ చోటు ఉండరాదని తెలిపి, మూడు దశాబ్దాలకు పైగా ఉన్న అకాడమీని విడిచినాడు. ఆ పదవి వదలినను ఇతర ప్రయోగశాలలు ఆయనకు ఉన్నవి. నష్టం స్వల్పమే అని అనవచ్చును. కాని ఆ రోజులలో మాట్లాడినవారు ఎంతమంది?

1934 డిసెంబరులో కీరోవ్ అనే నాయకుని హత్య జరిగినది. వెంటనే లెనిన్‌గ్రాడ్‌లో అరెస్టులు ప్రబలినవి. ఆ నెలలోనే ఎనుబదియైదేండ్ల పావ్లోవ్ ప్రభుత్వ పెద్దలకు లేఖ వ్రాసినాడు. జనులందరూ నిరంతర భీతిలో, హింసలో జీవిస్తున్నారని, ఇట్లు పెరిగినవారు ఆత్మగౌరవం గల మనుష్యులుగా నిలువజాలరని ఆ లేఖ సారాంశం. అరెస్టయిన పరిచితుల పేర్లు వ్రాసి విడిపింపుమని మరికొన్ని లేఖలు వ్రాసినాడు. కొందరు విడుదలైనారు కూడా. తలుపు తట్టిన చప్పుడుకు ఒక నగరమంతా ఉలికిపడే కాలమది. ముప్పదేండ్లకు పైగా గుర్తులకు, బాధకు నడుమ ముడులు లెక్కించిన వృద్ధునికి తన చుట్టూ జరుగుతున్నది ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు.

1935 ఆగస్టులో ప్రపంచ శరీరధర్మశాస్త్రజ్ఞుల మహాసభ ఆయన అధ్యక్షతన లెనిన్‌గ్రాడ్, మాస్కో నగరాలలో వైభవంగా జరిగినది. ఆ సంవత్సరమే ప్రయోగాత్మక వైద్యసంస్థ ఆవరణలో, ఆయన కోరికపై, కుక్కకు ఒక స్మారక శిల్పాన్ని నిలిపినారు. 1936 ఫిబ్రవరి 27వ తేదీన న్యుమోనియా వలన, ఎనుబదియారవ ఏట పావ్లోవ్ కన్నుమూసినాడు. రాజలాంఛనాలతో సమాధి చేసినారు.

ఆ పిదప జరిగినదానిని జీవితచరిత్రలు సాధారణంగా వదలివేస్తవి. 1950లో స్టాలిన్ పాలనలో మాస్కోలో పావ్లోవ్ పేరిట ఒక పెద్ద సభ జరిగినది. ఆయన సిద్ధాంతం నుండి తొలగినారన్న నెపంతో అనేక శాస్త్రజ్ఞులను ఒకరి తరువాత ఒకరిని నిలబెట్టి నిందించినారు. కొందరు అక్కడికక్కడే తప్పు ఒప్పుకొన్నారు. బ్రతికి ఉన్నంతకాలం భయపడక మాట్లాడినవాని పేరు ఇప్పుడు వినబడగానే ప్రయోగశాలలలో నోళ్ళు మూతపడసాగినవి. నింద మోసినవారిలో మొదటి వరుసలో ఉన్నవాడు లియోన్ ఓర్బెలీ. అతడు పావ్లోవ్‌కు ప్రియశిష్యుడు, ఆయన తరువాత కొల్తూషి పరిశోధన కేంద్రాన్ని నడిపినవాడు. పదవులన్నీ పోయినవి. స్టాలిన్ మరణానంతరం 1956లో లెనిన్‌గ్రాడ్‌లో అతనికి ఒక కొత్త సంస్థను అప్పగించినారు. దానికి సెచెనోవ్ పేరు పెట్టినారు. రియజాన్ మతవిద్యార్థి ఒకప్పుడు చదివి దారి మార్చుకొన్న గ్రంథకర్త ఆయనే. ఓర్బెలీ మరి రెండేండ్లు అక్కడ పనిచేసి, 1958లో మరణించినాడు.